బస్తాకి రెండు కిలోలు తక్కువ

మా ఆవిడ సరోజ స్నానాలగదిలో జారి కూలబడిన ఉదయం నేనామెను ఎలా లేపానన్నది మా వీధిలో నలుగురూ నాలుగు రకాలుగా చెప్పుకుంటున్నారు. వాళ్లు చెప్పేదానికంటే నేనే చెప్పుకోవడం మర్యాద. దెబ్బేమీ తగల్లేదు, మోకాలు పట్టేసింది, అంతే. నేను వెనకనుంచి ఆమె చంకల కింద చేతులు దూర్చి, ఆంజనేయుణ్ణి తలుచుకుని, ఒక్క గుంజు గుంజాను. ఆమె కదల్లేదు. కదిలింది నేను. బక్కెట్టు మీదుగా పోయి ఆమె పక్కనే తడినేల మీద చతికిలబడ్డాను. నలభై ఏళ్ల కాపురంలో మేమిద్దరం పనీపాటా లేకుండా అంత దగ్గరగా కూర్చున్న సందర్భం నాకు ఇంకోటి గుర్తులేదు. "ముందు మీరు లేవండి, తర్వాత నన్ను లేపుదురుగానీ," అంది సరోజ. చివరికి పక్కింటి కోడలూ, పాలు పోయడానికి వచ్చిన మనిషీ కలిసి ఆమెను ఇట్టే లేపేశారు. లేపి, పనిలో పనిగా నన్నూ లేపారు.

అందరూ నవ్వుకుని వెళ్లిపోయాక, మధ్యాహ్నం కంచం ముందు కూర్చుంటే ముద్ద గొంతు దిగలేదు. కూతురూ అల్లుడూ రెండు వీధుల అవతలే ఉంటారు గానీ పగలంతా ఉద్యోగాలు. రేపు ఆమె మళ్లీ పడితే, ఆ వేళకి పక్కింటికి తాళం వేసి ఉంటే, పక్కన కూర్చుని కబుర్లు చెప్పడం తప్ప నేనేం చేయగలను? నిజంగా భయం వేసింది. నా జబ్బులకు నేనెప్పుడూ అంత భయపడలేదు. ఇంట్లో మనిషి నేలమీద ఉంటే లేపలేని మొగుణ్ణయిపోయానన్న భయం వేరు, అది అన్నం తిననివ్వదు. మర్నాడు పొద్దున్నే, నెల్లూరులో మా వీధి చివర టైర్ల కొట్టు మీద ఉన్న జిమ్ముకి మెట్లెక్కాను. పైకి చేరేసరికి ఆయాసమొచ్చి, అక్కడే ఉన్న బల్ల మీద కూర్చుండిపోయాను. అది కూర్చునే బల్ల కాదట, పడుకుని ఇనుము ఎత్తే బల్లట.

అక్కడ నేర్పించే పిల్ల పేరు జ్యోతి. మైపాడు దగ్గర పాలెం వాళ్లమ్మాయి, వాళ్ల నాయన ఇప్పటికీ సముద్రం మీదికి వేటకు పోతాడు. నన్ను కిందికీ పైకీ చూసి, "ఎందుకొచ్చినారు సార్? షుగరా, పొట్టా?" అంది. "అరవై ఎనిమిది కిలోలు ఎత్తాలి," అన్నాను. "కచ్చితంగా అరవై ఎనిమిదేనా? డెబ్బై వద్దా?" "వద్దు. మా ఆవిడ అంతే ఉంది." ఆ పిల్ల నవ్వలేదు. పుస్తకంలో రాసుకుంది. అక్కడే ఆమె మీద నాకు గౌరవం కలిగింది. ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే మాత్రం సరోజ, "నేను అరవై నాలుగు. ఊరందరికీ అరవై ఎనిమిదని చాటించి వచ్చారా?" అని మండిపడింది. నోరు ఊరుకోక, "ఎంతైతేనేం, డెబ్బై కిలోల వడ్ల బస్తాకి రెండు కిలోలు తక్కువేగా," అన్నాను. రెండు రోజులు నా కాఫీలో చక్కెర లేదు.

మొదటిరోజు జ్యోతి నా చేతికి ఎనిమిది కిలోల ఇనపముద్ద ఇచ్చి, గుండెలకు ఆనించుకుని స్టూలు మీద కూర్చుని లేవమంది. అయిదుసార్లు లేచాను. ఆరోసారి తొడలు గడగడా వణికాయి. "చాలు సార్. ఇదే మీకు బరువు," అంది. నాకు ఒళ్లు మండింది. ఎనిమిది కిలోలు బరువేమిటి, మా ఇంట్లో బియ్యపు డబ్బా అంతకంటే ఎక్కువుంటుంది, అన్నాను. ఆమె శాంతంగా చెప్పింది. "బరువంటే ఇన్ని కిలోలని లేదు సార్. నడుం వంకరపోకుండా అయిదుసార్లు ఎత్తినాక, ఇంకొక్కటి, మహా అయితే రెండు, అంతకుమించి నావల్ల కాదు అనిపించాల. అది బరువు. ఇరవైసార్లు ఎత్తతా మధ్యలో ఫోన్ మాట్లాడతా ఉంటే, అది ఎన్ని కిలోలైనా బరువు కాదు. మా నాయన వల లాగతా బీడీ తాగతాడు, ఆయనకు అది బరువు కాదు. అదే వల నేను లాగితే రెండు బారలకే కూర్చుంటా. పెరగాలంటే బరువుండాల. వారానికి కొంచెం కొంచెం పెంచతా పోవాల. అంతే."

అంతా విని ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? "అమ్మాయ్, నువ్వు నాకు బరువు గురించి చెప్తున్నావు. పదహారేళ్లప్పుడు డెబ్బై కిలోల వడ్ల బస్తాని నేల మీంచి భుజం మీదికి, ఒక్కణ్ణే, పదిసార్లు ఎత్తాను. అదీ మొదటిరోజే," అన్నాను. ఈ మాట నేను ముప్పై నాలుగేళ్లు బడిలో పిల్లలకు చెప్పాను, తోటి మాస్టార్లకు చెప్పాను, పెళ్లిచూపుల్లో సరోజ వాళ్ల నాన్నకు కూడా చెప్పాను. అందరూ నోరు తెరిచేవారు. జ్యోతి తెరవలేదు. "అప్పుడు మీరెంత ఉండేవాళ్లు సార్?" "నలభై ఆరో ఏడో." "అంతకు ముందు ఎన్నాళ్లు ఎత్తినారు?" "ఒక్కరోజూ లేదు. చెప్పానుగా, మొదటిరోజే అని." ఆమె పుస్తకం మూసి, "లెక్క కుదరడం లేదు సార్," అంది. నేను హైస్కూల్లో లెక్కల మాస్టారిగా రిటైరైన వాణ్ణి. నా మొహం మీద ఆ మాట ఎవరూ అనలేదు. సరే, సాక్ష్యం తెస్తానుండు, మా అక్క ఇంకా బతికే ఉంది, సెల్‌ఫోన్లో వీడియో తీసుకొచ్చి నీ ముందు పెడతాను, అని శపథం చేసి దిగివచ్చాను.

అసలా బస్తా సంగతి చెప్పాలంటే మా ఇల్లు చెప్పాలి. మాది ఇందుకూరుపేట మండలంలో, సముద్రానికి కోసెడు దూరాన ఉన్న ఊరు. తూర్పుగాలి తిరిగితే దండెం మీద బట్టలు ఆరేవి కావు, ఉప్పగా మెత్తబడి ఉండేవి. ఇంట్లో పెత్తనం మా జేజిది, అంటే నాయన వాళ్లమ్మ. తెల్లారుజామునే ఆమె పొయ్యి ముందు కూర్చునేది. ముందురోజు చేపల పులుసు మట్టిచట్టిలో మళ్లీ వెచ్చబడుతుంటే ఆ చింతపండు, మెంతుల వాసనకి నేను లేచేవాణ్ణి. నన్ను ఎవరూ పేరు పెట్టి లేపిన గుర్తు లేదు. జేజి చేతిలో ఎప్పుడూ ఇత్తడి మానిక ఉండేది, వడ్లూ బియ్యమూ కొలిచే పాత్ర. కోళ్లకు వేసే నూకలు కూడా కొలిచి వేసేది. కాటా అనేది మా ఇంట్లో లేదు, ఊళ్లోనూ లేదు, వడ్లు కొనే షావుకారుతో పాటు ఏడాదికోసారి వచ్చి పోయేది. ఇప్పుడు మా ఇంట్లో మనిషి బరువు చూసుకునే మిషనొకటి, వంటింట్లో పిండి తూచేది ఇంకొకటి ఉన్నాయి, అయినా ఏదీ సరిగ్గా తెలియదు. జేజి మాత్రం మూటను కాలితో ఒక్క తన్ను తన్ని ఎన్ని మానికలో చెప్పేది.

కోతలై, నూర్పిడై, కళ్లంలో వడ్లు బస్తాలకెత్తాక మా వైపు ఒక పద్ధతి ఉండేది. తొలి బస్తాని కూలివాళ్లు ముట్టుకోకూడదు. ఇంటి మగవాడే నేల మీంచి ఒంటరిగా భుజానికెత్తి బండి దాకా మోసి వెయ్యాలి. మిగతా బస్తాలకు ఇద్దరు చెవులు పట్టి ఎత్తిస్తే ఒకడు మోస్తాడు, తొలి బస్తాకి మాత్రం ఆ సాయం లేదు. ప్రతి ఏడూ నాయనే ఎత్తేవాడు. ఆ ఏడు వానల్లో గట్టు మీద జారి నాయనకు నడుం పట్టింది. వంగితే లేవలేడు, లేస్తే వంగలేడు. ఒకరోజు అన్నాలప్పుడు, కంచంలో చూస్తూ, "ఈ ఏడు తొలిబస్తా నువ్వెత్తాలబ్బయా," అన్నాడు. ఇల్లంతా నావైపు చూసింది. నన్ను ఊళ్లో ములక్కాడ అని పిలిచేవారు, అదీ ముద్దుగా. నేను ఎత్తలేకపోతే నాయన పరువేం కావాలి? పాలెం నుంచి బస్తాలు మోయడానికి వచ్చే పోలయ్యా, అతని మనుషులూ, షావుకారూ, ఊరూ వాడా, అందరి ముందూ?

రెండు రోజులయ్యాక జేజి నన్ను పశువుల కొట్టంలోకి తీసుకెళ్లింది. మూలన ఒక బస్తా, నిండుగా, మూతి కుట్టి, కూర్చోబెట్టి ఉంది. "పోయినేటి వడ్లు. పొద్దున్నే దీన్ని ఎత్తి దించతా ఉండు. కోతలకు నాలుగు నెలలుండాది, అలవాటైపోతాది," అంది. నేను బితుకుబితుకుమంటూ చెవులు పట్టుకుని, మోకాళ్ల మీదికి లాక్కుని, తొడ మీదికి దొర్లించి, కింద దూరి, ఒక్క ఊపు ఊపాను. బస్తా భుజం మీద ఉంది! నమ్మలేక దించి మళ్లీ ఎత్తాను. అలా పదిసార్లు. జేజి ముక్కు మీద వేలేసుకుని, "మా నాయనే, ఎవరి పోలికరా నీకు! మా మావ పోలిక," అంది. వాకిట్లో మా అక్క రమణమ్మ, నాకంటే మూడేళ్లు పెద్దది, పైట నోట్లో కుక్కుకుని లోపలికి పరిగెత్తింది. తమ్ముడి బలం చూసి సంతోషం పట్టలేకపోయిందనుకున్నాను. కొట్టం మట్టిగోడ మీద బొగ్గుముక్కతో పది గీతలు గీశాను. మధ్యాహ్నానికల్లా ఊరంతా తిరిగి చెప్పొచ్చాను.

వారం పది రోజులు మహారాజులా గడిచాయి. తర్వాత ఏదో తేడా కొట్టడం మొదలైంది. పది కాస్తా తొమ్మిదైంది. ఇంకో వారానికి ఎనిమిది. గోడ మీద గీతల వరసలు వారంవారానికీ పొట్టివైపోతున్నాయి. నేను లెక్కల్లో గట్టివాణ్ణి, ఊరికే ఊరుకుంటానా? గీతలన్నీ వరసగా చూసి ఒక సంగతి పట్టేశాను: బలం తగ్గడం ఎప్పుడూ ఆదివారమే మొదలవుతోంది. ఆదివారానికి ముందేముంది? శనివారం. శనివారం ఏముంది? తలంటు! జేజి ప్రతి శనివారం నాకు నువ్వులనూనె పట్టించి, కుంకుడురసంతో తల రుద్ది, కడుపునిండా అన్నం పెట్టి పడుకోబెట్టేది. సాయంత్రం దాకా ఒళ్లు తెలియని నిద్ర. నా బలమంతా ఆ నూనెతో పాటు కారిపోతోందని తేల్చేశాను. ఇంత పక్కాగా లెక్క తేల్చి ఇంత ఘోరంగా తప్పడం నా జన్మలో ఇంకెప్పుడూ జరగలేదు.

ఆ శనివారం తలంటు వద్దన్నాను. జేజి మొహం పాలిపోయింది. "వద్దంటే ఎట్టరా? ఒంట్లో వేడి చేస్తాది," అంటూ నూనెగిన్నె పుచ్చుకుని వెంటపడింది. నేను గడ్డివామి చుట్టూ, ఆమె నా చుట్టూ. డెబ్బై ఏళ్ల మనిషి, చివరికి నన్ను కాలవలోకి తరిమి పట్టుకుంది. అంత పట్టుదల దేనికో నాకు అర్థం కాలేదు. నూనె పోశాక, అన్నం తిన్నాక, నిద్ర మామూలే. ఆదివారం పొద్దున ఆరుసార్లే ఎత్తగలిగాను. చూశావా జేజీ, నూనె వల్లే, అని ఏడిస్తే, "నూనె కాదు, దిష్టి. ఊరంతా తిరిగి పదిసార్లు పదిసార్లు అని చెప్పుకుంటివి గదా," అని ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేసింది. ఘాటు రాలేదు. "చూడు ఎంత దిష్టి ఉండాదో," అంది, ఎంతో గంభీరంగా. పొద్దున్నే రెండు పచ్చిగుడ్లు తాగించింది, రాగిసంకటి ముద్ద పెద్దదైంది, పులుసులో తలకాయ ముక్క నాకే వచ్చింది. ఇంత తింటున్నా గీతలు అయిదుకొచ్చాయి, నాలుగుకొచ్చాయి, మూడుకొచ్చాయి. మెడ దగ్గర చొక్కా గుండీ పట్టడం లేదని అక్క అంటే, చొక్కా ఉతుకులో ముడుచుకుపోయిందనుకున్నాను.

కళ్లం రోజుకి ముందురోజు, ఆదివారమే, కొట్టంలోకి వెళ్లి బస్తా చెవులు పట్టుకున్నాను. కదల్లేదు. రెండోసారి ఊపిరి బిగబట్టి మోకాళ్ల మీదికి లాగాను. తొడ మీదికి వచ్చేసరికి కళ్లకు చీకట్లు కమ్మాయి. ఎలా ఎత్తానో తెలియదు, భుజం మీదికొచ్చింది, కొట్టం గుమ్మం దాకా అయిదారడుగులు వేశాను, అక్కడే దభీమని వదిలేశాను. ఇంకోసారి వల్ల కాలేదు. గోడ మీద ఒకే ఒక్క గీత గీసి, ఆ పక్కనే కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను. నాలుగు నెలల్లో పది నుంచి ఒకటికి దిగిపోయాను. రేపటికి సున్నా.

మర్నాడు కళ్లం నిండా కొత్తగడ్డి వాసన. ఎండ ఇంకా ఎక్కలేదు. పోలయ్య మనుషులు తలగుడ్డలు బిగించుకుని వరసగా నిలబడ్డారు. నాయన నడుముకి తువ్వాలు చుట్టుకుని కర్ర మీద ఆని ఉన్నాడు. జేజీ అక్కా ఆడవాళ్లతో గట్టు మీద నిలబడ్డారు. టెంకాయ కొట్టారు. మొలగొలుకుల వడ్ల తొలి బస్తా మధ్యలో ఒక్కటే కూర్చుని ఉంది. "రా సామీ," అన్నాడు పోలయ్య. వెళ్లాను. వంగాను. చెవులు పట్టుకున్నాను. గోడ మీది ఆ ఒక్క గీత కళ్లముందు ఆడింది. నేను బస్తాని లాగి చూడను కూడా లేదు. రెండు చేతులూ వదిలేసి, పొట్ట పట్టుకుని, "నాయనా, కడుపునొప్పి," అని కాలవకట్ట వైపు ఒకటే పరుగు. వెనక ఎవరో నవ్వారు. "పోనీలే సామీ, వచ్చే ఏడు ఎత్తతాడులే," అన్న పోలయ్య గొంతు వినిపించింది. తుమ్మచెట్టు చాటునుంచి చూశాను. నాయన కర్రతో నేల మీద గీస్తూ తల వంచుకుని ఉన్నాడు. తొలి బస్తా పోలయ్య ఎత్తాడు.

వచ్చే ఏడుకి నేను నెల్లూరులో కాలేజీలో ఉన్నాను. ఆ తర్వాత నాయన నడుం బాగైంది, నా అవసరం రాలేదు. ఆ రోజు గురించి నాయన ఉన్నన్నాళ్లూ ఒక్క మాటంటే ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నాతో మాట్లాడటం కూడా దండగనుకున్నాడేమో అని నలభై ఏళ్లొచ్చాక కూడా అనిపించేది. ఆయన పోయినప్పుడు పాడె మోస్తుంటే, భుజం మీద ఆ బరువుకి, ముందుగా నాకు ఆ బస్తానే గుర్తొచ్చింది. ఇదంతా నేనెవరికీ చెప్పుకోలేదు. మొదటిరోజు పదిసార్లు ఎత్తిన సంగతి మాత్రమే చెప్పాను. సరోజకి కూడా అంతే తెలుసు.

సాక్ష్యం కోసం ఇందుకూరుపేటలో ఉన్న మా అక్క ఇంటికి బస్సులో వెళ్లాను. వసారాలో కూర్చుని గోంగూర ఆకు తుంచుతోంది. డెబ్బై ఏళ్లు, పళ్లు సగం లేవు, చెవులు మాత్రం పాము చెవులు. సెల్‌ఫోను ఆమె మొహం ముందు పెట్టి, "అక్కా, కొట్టంలో బస్తా మొదటిరోజు పదిసార్లు ఎత్తానా లేదా? నీ నోటితో చెప్పు," అన్నాను. అక్క నన్ను చూసింది, ఫోన్ని చూసింది. పైట నోట్లో కుక్కుకుంది. అచ్చం ఆ రోజులాగే.

"ఏందిరా, ఇంకా అదే చెప్పుకుంటా ఉండావా? అది తాలు రా!"

"ఏం తాలు?"

"తాలు గింజలు తెలవదా? తూర్పార పడితే ఎగిరిపోయేవి. పైకి వడ్లే, లోపల గింజుండదు. జేజి బస్తా నిండా తాలు పోసి, మూతి కాడ మాత్రం నాలుగు దోసిళ్లు మంచి వడ్లు వేసినాది. ఇరవై కిలోలుంటే గొప్ప. ఒక్కసారిగా వడ్లబస్తా ఎత్తితే నీ నడుం కూడా నాయన నడుమయిపోతాదని జేజికి బయం."

నేను ఫోను కట్టేశాను. యాభై ఏళ్ల గొప్ప, నా పెళ్లిచూపుల గొప్ప, ఒక్క క్షణంలో గాలికి తాలులాగే పోయింది. కోపం, సిగ్గు, నవ్వు, ఏది ముందు రావాలో తెలియలేదు. అక్క ఆకు తుంచుతూనే ఉంది.

"శనివారం నువ్వు తలంటుకుని గుర్రు పెట్టి పడుకుంటివా, నేనూ జేజీ కొట్టంలోకి దూరి కుట్టు విప్పేది. మానికతో కొంచెం తాలు తీసేది, అంత మంచి వడ్లు పోసేది. మళ్లీ దబ్బనంతో కుట్టేది నేను. నా వేళ్లన్నీ పొడుచుకున్యాయి. వారం వారం అదే పని. నువ్వు తలంటు వద్దన్న రోజు జేజి ప్రాణం పోయినంత పనైంది, తెల్సా?"

"అంటే..." అన్నాను. లెక్కల మాస్టారి బుర్ర మెల్లగా కదలడం మొదలుపెట్టింది. బలం తగ్గలేదు. బస్తా పెరిగింది. "అక్కా, ఆఖరి ఆదివారం, నేను ఒక్కసారే ఎత్తిన రోజు... అందులో ఏముంది?"

అక్క చేతులాగాయి. "ఆఖరి శనివారం మొత్తం కింద గుమ్మరించి, ఒక్క తాలుగింజ లేకుండా చేసి, నిండుగా మంచి వడ్లు కొలిచి పోసినాది జేజి. కళ్లంలో బస్తా ఎంతో అదీ అంతే. పొద్దున నువ్వెత్తతావుంటే దడిసందులోంచి ఇద్దరం చూసినాం. నువ్వు గుమ్మం కాడికి పోయినావే, జేజి ఏడ్చిందిరా. నువ్వు లోపల ఏడస్తా ఉండావు, ఆమె బయట ఏడస్తా ఉండాది. నాకేమో నవ్వు ఆగలా."

"మరి చెప్పలేదేం? కళ్లంలోనైనా చెప్పొచ్చుగా!" నా గొంతు నాకే కీచుగా వినిపించింది.

"ఎత్తినాక చెప్పాలనుకునింది. నువ్వు ఎత్తితే గదా? చూసేలోపలే కాలవకట్ట ఎక్కేస్తివి. తర్వాతేం చెప్తాది? తాలు సంగతి బయటపడితే నీ పదిసార్ల గొప్ప పోతాది. ఊరంతా చెప్పుకుంటివే. 'వాడి గొప్ప వాడికుండనీ, నోరు మూసుకో' అని నాకు ఒట్టు పెట్టింది. నాయనకు మాత్రం ఆ పొద్దే చెప్పేసినాది."

"నాయనకు తెలుసా?"

"తెలవక? కొట్టంలోకి పోయి, ఆ బస్తాని కాలితో తన్ని చూసి, గోడ మీద నీ గీత చూసినాడు. 'ఎత్తినాడు గదా, చాల్లే' అన్యాడు. ఇంక నిన్నేమంటాడు? ఆ గోడ పడగొట్టేదాకా నీ గీతల మీద సున్నం కొట్టనీలేదు నాయన."

నేను ఏడ్చాను. అరవై ఏడేళ్లవాణ్ణి, అక్క వసారాలో, గోంగూర కట్టల మధ్య కూర్చుని ఏడ్చాను. ఆయన మౌనాన్ని యాభై ఏళ్లు తప్పుగా చదువుకున్నాను. నేను అంత డప్పు కొట్టుకోకపోయి ఉంటే, జేజి ఆ రోజే నిజం చెప్పి ఉండేది. అక్క గోంగూర పక్కకు నెట్టి, "ఏడ్చింది చాలు, పులుసన్నం తిని పో. తలకాయ ముక్క నీకే ఉంచినా," అంది.

జ్యోతికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె వేళ్ల మీద లెక్కేసుకుని, "ఇప్పుడు కుదిరింది సార్. తేలిగ్గా పదితో మొదలుపెట్టి, పెంచతా పెంచతా బరువుగా ఒకటికి వచ్చినారు. మీరు చేరిన రోజు నేను వారం వారానికి రాసిచ్చిన కాగితం కూడా అదే," అంది. నిజమే, తీసి చూస్తే అదే. ఒక తేడా ఉంది. కాగితంలో అన్నీ అంకెలే, పులుసులో తలకాయ ముక్క గురించి ఎక్కడా లేదు. ఆ రోజునుంచి నేను జిమ్ములో కళ్లద్దాలు తీసేసి ఎత్తుతున్నాను. ఎంత వేశావో నాకు చెప్పకు, ఎత్తినాక చెప్పు, అన్నాను. మొన్న పండగ ముందు ఎత్తినాక, "యాభై అయిదు సార్," అంది. ఎనిమిది నెలలు పట్టింది. ఇంటికి వస్తూ టైర్ల కొట్టువాడికి కూడా చెప్పాను, అలవాటు పోదు కదా.

నిన్న పొద్దున సరోజ వంటింట్లో పీట మీద కూర్చుని రొయ్యలు ఒలుస్తోంది. ఒలవడం అయిపోయింది, లేవబోయి ఆగింది. "మోకాలు పట్టేసింది," అంది. పక్కింటివాళ్లు తిరుపతి వెళ్లారు. నేను వెనక్కి వెళ్లి కాళ్లు ఎడంగా పెట్టి, జ్యోతి చెప్పినట్టు నడుం నిటారుగా ఉంచి, తొడల మీద కూర్చుని, ఆమె చంకల కింద చేతులు వేశాను. గుంజలేదు. ఊపిరి తీసుకుని లేచాను. ఆమె నాతో పాటు లేచి నిలబడింది, రొయ్యల చేతులు గాల్లో పెట్టుకుని.

నాకు నమ్మకం కలగలేదు. యాభై అయిదుకీ అరవై ఎనిమిదికీ, పోనీ ఆమె అన్న అరవై నాలుగుకే, లెక్క కుదరడం లేదు. "నువ్వు కాళ్లు నొక్కి లేచావు కదూ?" అన్నాను.

"నేనా? కాలు పట్టేసిందంటుంటే నొక్కడమేంటి?" అంది. అంటూ మొహం పక్కకి తిప్పుకుంది. ఎంతో గంభీరంగా ఉందా మొహం. పొయ్యిలో ఉప్పూ మిరపకాయలూ వేసినప్పటి జేజి మొహం అదే.

ఇంకో ప్రశ్న నోటిదాకా వచ్చింది. మింగేశాను. గ్యాసుపొయ్యి ఇంట్లో బొగ్గుముక్క ఎక్కడ దొరుకుతుంది? నా బల్ల సొరుగులో బడినాటి సుద్దముక్క ఉంటే తెచ్చి, ఫ్రిజ్ పక్క గోడ మీద ఒక గీత గీశాను. "అయ్యో, మొన్ననేగా రంగు వేయించింది!" అని సరోజ గోల పెట్టింది.

"గోల తర్వాత పెడుదువుగానీ. మళ్లీ కూర్చో, రెండోది చూద్దాం," అన్నాను.